తుమ్మదా, కందిదా? శిలాజ పుప్పొడిని గుర్తుపట్టడం ఎలా?

మన దేవరుప్పుల దిక్కు ఎటు నడిచినా చిక్కుడు కుటుంబమే. చేన్ల కంది, గట్టు మీద తుమ్మ, బీడులో తంగేడు, దసరాకు జమ్మి. కాయ చూస్తే ఎవరైనా చెప్తరు. మరి వేల, లక్షల ఏండ్ల కింద మట్టిలో కలిసిన పుప్పొడి రేణువు ఒక్కటే దొరికితే? కాయ లేదు, ఆకు లేదు. అప్పుడెట్ల?

ముందుగా, పుప్పొడి అన్నేండ్లు ఎందుకు ఉంటది? దాని పైపొరలో స్పోరోపొలెనిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. ల్యాబ్‌లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోస్తే ఇసుక, రాయి కరిగిపోతాయి, రేణువు మిగులుతుంది. ఇంట్లో మాత్రం అస్సలు ట్రై చేయొద్దు, చాలా ప్రమాదం.

ఇప్పుడు మైక్రోస్కోప్ కింద చూద్దాం. మొదటి ప్రశ్న: రేణువు ఒంటరిగా ఉందా, గుంపుగా ఉందా? తుమ్మలో సాధారణంగా 16 రేణువులు అతుక్కుని చిన్న లడ్డూలాగా ఉంటాయి. అత్తిపత్తిలో నాలుగే. కానీ జమ్మి, సుబాబుల్ తుమ్మకు దగ్గరి చుట్టాలే, వాటి రేణువులు మాత్రం విడివిడిగా ఉంటాయి. అంటే 16 రేణువుల లడ్డూ కనిపిస్తే తుమ్మ వైపు అనొచ్చు. విడిగా ఉంది కాబట్టి తుమ్మ వైపు కాదు అనలేం. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఈ ఇఫ్ కండిషన్ ఒకవైపే పనిచేస్తుంది.

రెండో ప్రశ్న: పైన డిజైన్ ఏంది? చింత రేణువు మీద వేలిముద్రలాగా చారలు. మోదుగ వైపు మూడు గాడులు, మీద సన్నని వల. గచ్చకాయ జాతిలో గాడుల పొంటి వెడల్పాటి పట్టీ ఉంటుంది. ఇలాంటి శిలాజాలు తమిళనాడులోని నైవేలీ లిగ్నైట్‌లో దొరికితే, ఉస్మానియా బోటనీ ప్రొఫెసర్ సి.జి.కె. రామానుజం 1966లో ‘మార్గోకోల్పోరైటిస్’ అని పేరు పెట్టారు. గమనించండి, అది చెట్టు పేరు కాదు, రేణువు ఆకారం పేరు. కనిపించిందే చెప్పారు, అంతకు మించి చెప్పలేదు.

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. మూడు గాడులు, వల ఉన్న రేణువులు వేరే కుటుంబాల్లోనూ బోలెడు. అది ఒక్కటి చూసి ‘ఇక్కడ పూర్వం కంది పండించారు’ అంటే చరిత్రే తప్పైతది. రివర్స్‌లో కూడా అంతే. ఈ కుటుంబానికి ఎక్కువగా పురుగులే పరాగసంపర్కం చేస్తాయి, గాలికి పుప్పొడి తక్కువ ఎగురుతుంది. చెరువు మట్టిలో దొరకలేదంటే చెట్టే లేదని కాదు.

మన దగ్గరే ఒక టెస్ట్ చూడండి. భూపాలపల్లి బొగ్గు వయసు 25 కోట్ల ఏండ్ల పైమాటే. అప్పటికి పూల మొక్కలే పుట్టలేదు. ఆ బొగ్గులో ఉండేవి రెండు గాలి సంచులున్న పాతకాలపు రేణువులు. అందులో తుమ్మ లడ్డూ కనిపిస్తే అది డిస్కవరీ కాదు, బయటి తుమ్మ చెట్టు నుంచి శాంపిల్‌లో పడ్డ దుమ్ము. దేవరుప్పుల గ్రానైట్ గుట్టల్లోనైతే వెతకడమే వేస్ట్. ఇక్కడ చూడాల్సింది చెరువుల అడుగు మట్టిని.

ఎవరైనా ‘శిలాజం దొరికింది’ అని ఫార్వర్డ్ పంపితే మూడు అడగండి: ఏ పొరలో దొరికింది? ఏం కనిపించింది? ఇంకెవరికి అదే ఆకారం ఉంది? తర్వాతే షేర్ కొట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.