సంతకానికి ముందు చేయి పెట్టి చూడండి

వేదిక మీదున్న పెద్దలకు పేరుపేరునా నమస్కారం చెప్పాలనే ఉంది గానీ, నాకు ముందు మాట్లాడినవాళ్లు ఆ పని ఒకటికి రెండుసార్లు చేసేశారు. బయట ఎండ ముదురుతోంది, మీరేమో ఆ నల్ల గౌన్లలో ఉడికిపోతున్నారు. వెనక వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు మాత్రం విడిగా ఒక నమస్కారం. ఫీజు రసీదులు మీ దగ్గరే ఉన్నాయి కనక ఈ పట్టాల్లో సగం వాటా మీది.

మాది పల్నాడు, రెంటచింతల పక్క పల్లె. వేసవి వస్తే రాష్ట్రమంతా పేపర్లో మా ప్రాంతం ఉష్ణోగ్రత చూసి, మనం కాస్త నయమేనని ఊరట పడుతుంది. అలాంటి చోట పుట్టినవాణ్ని వైమానిక దళం తీసుకెళ్లి లేహ్‌లో పడేసింది. మా అమ్మ ప్రతి ఉత్తరంలోనూ "చెవులకు మఫ్లరు కట్టుకుంటున్నావా నాయనా?" అని అడిగేది. అక్కడ చలికాలం కొన్ని రాత్రులు మైనస్ ఇరవై దాకా పోయేది. కట్టుకుంటున్నానమ్మా అని రాసేవాణ్ని.

నేను నడిపింది చీతా హెలికాప్టరు. మీ పాఠాల్లో వచ్చే కొత్త యంత్రాల ముందు అది ముసలిది. ఫ్రాన్సు వాళ్ల లామా హెలికాప్టరును లైసెన్సు తీసుకుని బెంగళూరులో హెచ్ఏఎల్ తయారుచేసింది. ఒకటే ఇంజిను. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌లో బిలాఫోండ్ లా కనుమ దగ్గర కుమావూన్ రెజిమెంటు జవాన్లను దించింది ఈ చీతాలే. అప్పట్నుంచి ఆ మంచు మీద ఉన్న మనిషికి కిరోసిన్ చేరాలన్నా, జబ్బు చేసినవాడు కిందికి రావాలన్నా చాలాచోట్ల హెలికాప్టరే దిక్కు. ఎత్తయిన పోస్టులకు వెళ్లేటప్పుడు గాలి ఎంత పలచగా ఉంటుందంటే, ఒక జెరికేనో రెండో పట్టుకెళ్లడమే గొప్ప. 2016 ఫిబ్రవరిలో 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడి పదిమంది పోయారు. వాళ్లలో ఒకడు మన కర్నూలు జిల్లా కుర్రాడు. మనం ఎవరికోసం ఎగురుతున్నామో మర్చిపోకూడదని ఆ సంగతి చెబుతున్నాను.

మంచులో హెలికాప్టరు దించడమంటే ఏమిటో కొంచెం చెప్పనివ్వండి. ఇంజినీర్లు కదా, విసుక్కోరనుకుంటాను.

కొత్తగా పడిన పొడి మంచు మీదికి మనం దిగుతుంటే రోటరు గాలి దాన్నంతా లేపుతుంది. ఆ మేఘం మొదట తోకవైపు ఉంటుంది, వేగం తగ్గేకొద్దీ తలుపు దగ్గరికి వస్తుంది, ఆగితే మనల్ని పూర్తిగా మింగేస్తుంది. ఆ తర్వాత పాలగిన్నెలో పడ్డ ఈగకూ పైలటుకూ తేడా లేదు. నేల ఎటో, ఆకాశం ఎటో తెలియదు. యంత్రం పక్కకు జారుతున్నా నిటారుగానే ఉన్నామని ఒళ్లు చెబుతుంది. 2021 మార్చిలో అలాస్కాలోని నిక్ హిమానీనదం దగ్గర స్కీయింగ్‌కు వెళ్లినవాళ్లను శిఖరం మీద దించబోయి ఒక హెలికాప్టరు ఇలాగే కూలింది. ఆరుగురిలో అయిదుగురు పోయారు.

అందుకే మేము కంటికి ఆనడానికి ఒక నల్లటి వస్తువు లేనిదే దిగం. డ్రమ్ము కావచ్చు, జెండా కావచ్చు, బండరాయి కావచ్చు. పైలటు కూర్చున్న వైపు కొంచెం ముందుగా, చివరిదాకా కనబడేచోట అది ఉండాలి. దాని మీంచి చూపు తిప్పకుండా, గాల్లో ఆగకుండా, మేఘం మనల్ని అందుకునేలోపే హెలికాప్టరు అడుగునున్న స్కిడ్లు ఆనించాలి. ఆ వస్తువు ఒక్క క్షణం కనబడకపోయినా మళ్లీ పైకి వెళ్లిపోవాలి. ఇంకో క్షణంలో కనబడుతుందిలే అనుకున్నవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు.

దిగాక కూడా పని అయిపోలేదు. పైన గట్టిగా కనిపించే పొర కింద మెత్తటి మంచు ఎంత లోతుందో ఎవరికి తెలుసు? హెలికాప్టరును పైకీ కిందికీ నడిపే కలెక్టివ్ లివరును ఒక్కసారిగా దించేస్తే ఒక స్కిడ్డు కూరుకుపోయి యంత్రం పక్కకు ఒరిగిపోతుంది. కొద్దికొద్దిగా బరువు వేస్తూ, నిలిచిందని నమ్మకం కుదిరాకే పూర్తిగా వదలాలి. స్కిడ్లు దిగబడినంత మేరా రోటరు కూడా నేలకు దగ్గరవుతుంది. వాలు మీద దిగినప్పుడు ఎగువవైపునుంచి నడిచొచ్చేవాడి తల ఎక్కడుంటుందో మీరే లెక్క వేసుకోండి. ఇంజిను ఆపం, ఎందుకంటే ఆ ఎత్తులో, ఆ చలిలో ఆపితే మళ్లీ అంటుకుంటుందన్న భరోసా లేదు. జవాన్లు పరుగున వచ్చి సామాను లాగేసుకుంటారు, మేం లేస్తాం.

ఆ ఒక్క ఇంజిను సంగతికి వస్తాను. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి టెస్టు పైలటు లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. పైన పవర్ తగ్గించగానే ఇంజిను ఆరిపోయింది. కిందినుంచి వచ్చే గాలితోనే రోటరును తిప్పుకుంటూ నేలదాకా దించాడు. ఆటోరొటేషన్ అని పరీక్షలో అయిదు మార్కులకు రాశారు చూడండి, అదే. కానీ ఆయన కాళ్ల కింద పన్నెండు కిలోమీటర్ల గాలి ఉంది. పోస్టు దగ్గర లేచేటప్పుడు ఇంజిను ఆరితే మా కింద ఉండేది పది పదిహేను అడుగులు, ఆ పక్కన లోయ.

ఇప్పటిదాకా చెప్పింది తోవ. చెప్పదలచుకున్న మాట ఇప్పుడు వస్తుంది.

ఒక శీతాకాలం ఉదయం. ముందురోజు సాయంత్రం మేం దిగేసరికి మంచు పడుతోంది. వేడిగా ఉన్న లోహం మీద పడ్డ మంచు కరుగుతుంది, నీరై, ఇంజినులోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ అడుగు అంచుకు జారుతుంది, రాత్రికి గడ్డకడుతుంది. తెల్లారి కవరు తీసి టార్చి వేస్తే శుభ్రంగా కనబడుతుంది. ఆ గడ్డకు రంగు ఉండదు మరి, దాని వెనకున్న లోహమే కంటికి ఆనుతుంది. స్టార్టు చేసినా ఏమీ కాదు. ఇంజిను వేడెక్కి, టేకాఫ్‌కి పవర్ పెంచాక ఆ పలక ఊడి లోపలికి పోతుంది. మంట ఆరిపోతుంది, కంప్రెసరు బ్లేడ్లు విరిగినా విరుగుతాయి. అదీ ఎప్పుడంటే, మనం నేల వదిలిన మరుక్షణం.

ఆ ఉదయం ఒక పెద్దాయన పోస్టులు చూడ్డానికి బయల్దేరారు. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి తొందర. మా సార్జెంటు ఒడిశావాడు, మాట తక్కువ. పై గ్లోవు విప్పేసి, లోపలి పలచటి గ్లోవుతో ఇన్‌టేక్ అంచంతా వేళ్లతో తడుముకుంటూ వస్తున్నాడు. ఉత్త చేత్తో తాకితే చర్మం లోహానికి అంటుకుపోతుంది, అందుకని ఆ పలచటి గ్లోవు. పెద్దాయన వాచీ చూసుకుని, "ఫారం 700లో సంతకం అయిపోయిందిగా, ఇంకా ఏం చూస్తున్నాడు?" అన్నారు. తనిఖీ పూర్తయిందని రాసే ఆ పత్రంలో సంతకం ఉన్నమాట నిజమే. జూనియరు కుర్రాడు టార్చి వేసి చూసి పెట్టేశాడు.

సార్జెంటు తల తిప్పకుండానే, "ఉంది సార్, అందుకే చూస్తున్నా" అన్నాడు.

అడుగున అతని వేళ్లు ఆగాయి. గడ్డ ఉంది. హీటరు గొట్టం తెప్పించి కరిగించి, నీరు మళ్లీ గడ్డకట్టకుండా గుడ్డతో తుడిచేసరికి అరగంటపైనే పట్టింది. ఆ కుర్రాణ్ని ఒక్క మాట అనలేదు. అతని చేయి పట్టుకుని ఆ అంచు మీద నెమ్మదిగా తిప్పించాడు. అక్కడ ఏముంటే వేలికి ఎలా తగులుతుందో నేర్పించాడు. అప్పుడు కొత్తగా సంతకం పెట్టించాడు.

ఇక మీ దగ్గరికి వస్తాను. మీ విభాగాధిపతిగారు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఇవి మంచి మాటలే, కాస్త చేదుగా ఉంటాయి అంతే. ఈ హాల్లో ఒకే గొంతుతో ముగ్గురి తరఫున 'ప్రెజెంట్ సార్' అన్న కళాకారులు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నవ్వకండి, నవ్వినవాళ్లే దొరికిపోతున్నారు. నిన్న మీ ల్యాబు చూపిస్తూ పాత రికార్డులు కొన్ని నా చేతికిచ్చారు. టెన్సైల్ టెస్టులో బ్యాచి మొత్తానికీ ఒకే రీడింగు, దశాంశ స్థానాలతో సహా! ఉక్కు కూడా మీ మీద అభిమానంతో ఒకేచోట తెగుతోంది కాబోలు. ఒరే నాయనా, కాపీ కొట్టినా ఒక అంకె మార్చుకోవాలన్న ఇంగితం ఉండాలి కదా!

ఇది చిన్న విషయమని మీరు అనుకుంటున్నారు. 2019 జనవరి 29న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో, తెల్లవారుజామున ఒక రోగిని తీసుకురావడానికి ఎయిర్ అంబులెన్సు కావాలన్నారు. వాతావరణం బాలేదని రెండు సంస్థలు రాలేమన్నాయి. మూడో సంస్థ వస్తామంది. ఆ సంస్థలో రాత్రి డ్యూటీ పైలటు వాతావరణాన్ని పైపైన చూసి సరే అన్నాడు. ఎక్కి వెళ్లింది డ్యూటీ మారి వచ్చిన పగటి పైలటు. ఆమె వాతావరణం విడిగా చూసుకున్నట్టు గానీ, ప్రమాదం అంచనా వేసే పత్రం నింపినట్టు గానీ దర్యాప్తులో ఎక్కడా కనబడలేదు. దారిలో మంచు జల్లు కమ్మేసింది. ఆమె, ఆమెతో ఉన్న ఇద్దరు వైద్య సిబ్బంది చనిపోయారు. ఆమె నిర్లక్ష్యపు మనిషని దర్యాప్తు తేల్చలేదు. అలా పత్రం నింపకుండా వెళ్లిపోవడం ఆ సంస్థలో మామూలైపోయిందని తేల్చింది. ఒకరు చూడ్డం, ఇంకొకరు ఎగరడం. దీన్ని మీ భాషలో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు.

రాలేమన్న ఆ రెండు సంస్థల గురించి కూడా ఒక మాట. వద్దన్నవాడికి సన్మానం జరగదు, శాలువా కప్పరు. ఆ పూట వాడు పిరికివాడిలా కనిపిస్తాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పైవాడు తొందరపెడుతుంటే 'ఇంకా చూడలేదు సార్' అనడం చాలా కష్టం. అయినా అనండి. అన్నందుకు ఇంక్రిమెంటు ఆగితే ఆగుతుంది. నాకూ ఒకటి రెండుసార్లు ఆగింది, పెళ్లి మాత్రం ఆగలేదు.

మీలో అందరూ హెలికాప్టర్ల దగ్గరికే వెళ్లరని తెలుసు. సగంమంది సాఫ్టువేరులోకి పోతారు, ఎవరి అదృష్టం వాళ్లది. అక్కడా టెస్టు చేశాం అని టిక్కు పెట్టే గడి ఒకటి ఉంటుంది. వంతెన కట్టేవాడికి ఒకటి, మందుల ఫ్యాక్టరీలో ఒకటి. ఆ గడి ముందు కూర్చున్నప్పుడు మీ చేయి ఆ వస్తువు దాకా వెళ్లిందా లేదా అన్న ఒక్క ప్రశ్న వేసుకోండి. వెళ్లకపోతే సంతకం పెట్టకండి. వెళ్లొచ్చాక పెట్టండి, అప్పుడు ఎవడు అడిగినా నిలబడి జవాబు చెప్పగలరు.

ఇక ముగిస్తాను, భోజనాలు చల్లారిపోతున్నాయట. ఇంకాసేపట్లో మీరు వరసగా వచ్చి పట్టా తీసుకుని, ఆ పక్కనున్న రిజిస్టరులో సంతకం చేస్తారు. ఫొటో తొందరలో గబగబా గీకేయకండి. ముందు పట్టా విప్పి మీ పేరు, ఇంటిపేరు, నాన్నగారి పేరు, పాసైన సంవత్సరం అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అక్కడే చెప్పండి. వెనక వరస ఆగుతుంది, ఫొటోగ్రాఫరు విసుక్కుంటాడు, పరవాలేదు. సంతకం పెట్టి వెళ్లిపోయాక ఆ ఒక్క అక్షరం మార్పించుకోవడానికి ఎన్ని కిటికీల చుట్టూ తిరగాలో మీ సీనియర్లను అడగండి.