జమ్మి చెట్టు: దసరా ఒక్కరోజు చుట్టమా?

మాది చీపురుపల్లి. దసరా వస్తే మాకు జమ్మి పూజ ఉండాల్సిందే. పాండవులు అజ్ఞాతవాసంలో ఆయుధాలు దాచింది దీని మీదే అని మా నానమ్మ చెప్పేది. చీటీ మీద పేర్లు రాసి చెట్టుకి కడతాం, నాలుగు ఆకులు ఇంటికి తెచ్చుకుంటాం. పోయిన దసరాకి మాత్రం కొమ్మలకి కొమ్మలే విరిచేశారు. నేనూ ఒకటి విరిచాను, సెల్ఫీ కోసం. మర్నాడు చూస్తే చెట్టు బోడిగా నిలబడి ఉంది.

రాజస్థాన్ ఎడారిలో ఇదే చెట్టుని ఖేజ్రీ అంటారు. వేర్లు చాలా లోతుకి పోతాయి, అందుకే వానల్లేకపోయినా బతుకుతుంది. లేత కాయలు కూర వండుతారు, ఎండబెట్టి దాచుకుంటారు. ఆకు మేకలకీ ఒంటెలకీ మేత. నేలకి నత్రజని ఇస్తుంది కాబట్టి దీని చుట్టూనే సజ్జ పండిస్తారు. 1899 నాటి కరువులో దీని బెరడు కూడా పిండి చేసుకుని తిన్నారు.

1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊరికి రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి చెట్టుని వాటేసుకుంది. ఆమెతో కలిపి 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. అలాంటి చెట్టు కొమ్మని నేను ఫోటో కోసం విరిచాను!

అందుకే ఈ ఏడాది రాలిన కాయల్లో గింజలు ఏరి, వేడినీళ్లలో నానబెట్టి, కవర్లలో పెట్టాను. మూడు మొలిచాయి. ఈ దసరాకి ఒక్క ఆకు చాలు ఫ్రెండ్స్. మీ ఊళ్లో జమ్మి ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!