పొయ్యి మీద పాలు, ప్లగ్గులో బ్యాటరీ

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పొయ్యి మీద పాలు పెట్టి ఎవరమైనా పడుకుంటామా? పక్కింటికి పోయి ముచ్చట్లలో పడతామా? పడితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. పాలు పొంగుతాయి, మంట ఆరిపోతుంది, గ్యాసు వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. అందుకే పాలు పెట్టినప్పుడు ఏ పని చేస్తున్నా ఒక కన్ను అటే వేసి ఉంచుతాం. ఈ సంగతి మనం ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. అమ్మ దగ్గరా, అత్తగారి దగ్గరా చూసి నేర్చుకున్నాం. అంత జాగ్రత్త తెలిసిన మనమే రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో ఉన్న బ్యాటరీలన్నీ ప్లగ్గులకు తగిలించి, దీపం ఆర్పి నిశ్చింతగా నిద్రపోతాం. ఇవాళ ఆ సంగతే మీతో చెప్పాలని వచ్చాను.

మా అబ్బాయి నల్లగొండలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడికి చిన్న విమానాల పిచ్చి. థర్మాకోల్ అట్ట కోసి, రెక్కలు అతికించి, మోటారు బిగించి రిమోటుతో ఎగరేస్తాడు. ఆ మోటారు తిరగడానికి ఒక లిథియం బ్యాటరీ. అరచేతిలో పట్టేంత ఉంటుంది, బరువు పావుకిలోకు లోపే. చూడటానికి సాధువు! పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం విమానం ముక్కు నేలకు కొట్టుకుని బ్యాటరీ ఒక మూల నొక్కుకుపోయింది. “ఏం కాలేదమ్మా, పైపైన తగిలింది” అన్నాడు. నేనూ సరేనన్నాను. రాత్రి పదకొండింటికి దాన్ని స్టీలు పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళాన్ని మంచం పక్కన మడిచిన పరుపు మీద ఉంచి, ఛార్జింగు పెట్టి పడుకున్నాడు. అదే గదిలో ఇంకో మంచం మీద మా అత్తమ్మ.

అర్ధరాత్రి దాటాక నాకు మెలకువ వచ్చింది. గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు తియ్యని ఘాటు వాసన. లైటు వేసి చూద్దును గదా, బ్యాటరీ నూనెలో వేసిన పూరీలా ఉబ్బి ఉంది! స్విచ్చి ఆపేసి, తీగ ఊడదీసి, పాతగుడ్డతో పళ్ళెం అంచులు పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి మట్టిలో పెట్టాను. పావుగంట గడిచిందో లేదో, బుస్సుమని తెల్లటి పొగ, ఆ వెంటనే మూరెడెత్తు మంట. ఒకటి రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. పళ్ళెం మాత్రం నల్లగా మాడి మిగిలింది.

అత్తమ్మ గడపలో నిలబడి చూసి, “ఏందే పిల్లా, పాము బుసకొట్టినట్టు కొట్టింది?” అని అడిగింది. చెప్పాను. ఆమె మా అబ్బాయి వంక తిరిగి ఒకే ఒక మాట అన్నది: “కిరసనాయిలు డబ్బా ఎవడన్న మంచం పక్కన పెట్టుకొని పంటడారా?”

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఆ రాత్రి నాకు మెలకువ రావడం అదృష్టం. ఉబ్బిన బ్యాటరీని చేత్తో మోసుకుపోవడం తెలివి కాదని తరువాత తెలిసింది. అదృష్టం అందరినీ కాపాడదు గదా.

2022 ఏప్రిల్‌లో మన నిజామాబాద్‌లో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విద్యుత్ స్కూటరు బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి రాత్రి ఛార్జింగు పెట్టుకున్నారు. ఇంట్లో వాళ్ళు నిద్రలో ఉండగా అది పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. అదే వారంలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని మరణించారు, ఆయన భార్య తీవ్రంగా గాయపడ్డారు. ఆ సంవత్సరమే సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలో, విద్యుత్ స్కూటర్లు ఉంచిన చోట మంటలు లేచాయి. పైన లాడ్జి. పొగ మెట్లదారి వెంట పైకెక్కింది. 8 మంది ప్రాణాలు పోయాయి. ఈ మూడింటిలోనూ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. మొదటి రెండు చోట్లా మనుషులు నిద్రలో ఉన్నారు. మూడో చోట బయటికి పోయే దారినే పొగ మూసేసింది.

ఇంత చిన్న వస్తువులో అంత నిప్పు ఎక్కడిది? మా అబ్బాయి చెప్పినంత వరకు నాకు అర్థమైనది చెబుతాను. బ్యాటరీ లోపల మడతల చపాతీలో లాగా సన్నని పొరలుంటాయి. ఒక రాగి రేకు, ఒక అల్యూమినియం రేకు, వాటి మీద మందు పూత. రెంటికీ నడుమ వెంట్రుక కంటే పలచని ప్లాస్టిక్ తెర. ఈ పొరలన్నీ ఒక ద్రవంలో నాని ఉంటాయి. ఆ ద్రవం కిరసనాయిలు లాగే అంటుకునే రకం. అంటే అత్తమ్మ మాట అక్షరాలా నిజమన్నమాట! దెబ్బ తగిలి తెర చిరిగినా, వేడికి కరిగినా రెండు పొరలూ ఒకటినొకటి తాకుతాయి. తాకిన చోట వేడి, వేడికి ఆవిరి, ఆవిరికి ఉబ్బు, చివరికి మంట. ఒక గదిలో పుట్టిన వేడి పక్క గదినీ అంటిస్తుంది. మొదలైతే మధ్యలో ఆగదు.

మన ఫోనులోనూ, స్కూటరులోనూ ఉండేవి ఈ కుటుంబానివే. కాని వాటికి బ్యాటరీ పక్కనే ఒక కాపలా సర్క్యూటు ఉంటుంది. నిండగానే ఆపుతుంది, వేడెక్కితే ఆపుతుంది. 2022 ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వం స్కూటరు బ్యాటరీల పరీక్షలు కఠినం చేసి, ఆ నిబంధనలను 2022 డిసెంబర్ 1 నుంచీ, 2023 మార్చి 31 నుంచీ రెండు దఫాలుగా అమలులో పెట్టింది. పిల్లలు విమానాలకూ, డ్రోన్లకూ, రేసుకార్లకూ కొనుక్కొచ్చే బ్యాటరీలకు చాలావాటికి ఆ కాపలా ఉండదు. బరువు తగ్గాలని, కరెంటు ఒక్కసారిగా రావాలని దాన్ని పెట్టరు. కాబట్టి ఆ కాపలా మనిషే కాయాలి. ఇంట్లో మనిషంటే ఎవరు? ఎక్కువగా మనమే గదా!

అందుచేత మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, మనిషి మేలుకుని ఇంట్లో ఉన్నప్పుడే ఛార్జింగు. ఈ బ్యాటరీలు గంట, గంటంబావులో నిండుతాయి. ఆ గంటసేపు వాడు అక్కడే కూర్చుని చదువుకుంటాడు. బజారుకు పోవాలంటే ప్లగ్గు తీసి పోతాడు.

రెండోది, చోటు. మంచం, పరుపు, సోఫా, చెక్కబల్ల, పరదాలు, పాతపేపర్ల కట్టలు, వీటికి దూరం. మా వరండాలో ఒక షాబాద్ బండ ఉంది. దాని మీదనే ఛార్జింగు. బండ అంటుకోదు, చుట్టూ అంటుకునేదేమీ లేదు. ఇంకో మాట. గుమ్మం దగ్గరా, మెట్లకిందా పెట్టవద్దు. మంట లేస్తే మనం బయటపడే దారి అదే.

మూడోది, సరైన ఛార్జరు. ఈ బ్యాటరీల లోపల రెండో, మూడో గదులుంటాయి. ఒక్కో గది 4.2 వోల్టుల వరకే నిండాలి. మూడు గదులైతే మొత్తం 12.6. ఒక గది ముందు నిండి, ఇంకోటి వెనకబడితే, నిండినదానిలోకే ఇంకా పోసినట్టవుతుంది. పంక్తిలో ఒకరి ఆకులో వడ్డించిందే వడ్డించినట్టు! అందుకే ప్రతి గదినీ సమానంగా చూసే ఛార్జరు కావాలి. బ్యాటరీకి లావు తీగలు కాక సన్నతీగల తెల్లప్లగ్గు ఇంకోటి ఉంటుంది. అది కూడా ఛార్జరుకు తగిలించాడా లేదా అని మనం కంటితో చూసి చెప్పవచ్చు. కరెంటు లెక్క కూడా సులువే. బ్యాటరీ మీద 2200 ఎంఏహెచ్ అని ఉంటే ఛార్జరులో 2.2 ఆంపియర్లు, 1000 అని ఉంటే 1 ఆంపియరు. తొందరపడి అంతకు మించి పెట్టవద్దు. పెద్దమంట మీద పాలు కాస్తే అడుగంటుతాయి గదా.

నాలుగోది, దాచే పద్ధతి. ఇక్కడ మన అలవాటు మనల్ని మోసం చేస్తుంది. ధాన్యమైనా, నీళ్ళైనా నిండుగా ఉంచుకోవాలనే మనం అనుకుంటాం. ఈ బ్యాటరీని నిండుగా దాచరాదు, పూర్తిగా ఖాళీగానూ దాచరాదు. నిండుగా దాచితే త్వరగా చెడిపోతుంది, అంటుకుంటే మంట కూడా పెద్దది. గదికి 3 వోల్టుల కంటే బాగా కిందికి దిగజారితే లోపలి రాగి దెబ్బతిని మళ్ళీ ఛార్జింగు చేసినప్పుడు ప్రమాదం. సుమారు సగం, అంటే గదికి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. మంచి ఛార్జర్లలో ఇందుకోసం స్టోరేజీ అని ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఎగరెయ్యకపోతే అదే నొక్కమనండి.

దాచే పాత్ర గురించి కూడా జాగ్రత్త. మా వదినె పాలమూరు నుంచి వచ్చినప్పుడు, “గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాల పెడితే భయం లేదు గదా వదినె?” అన్నది. ఆ పొరపాటు చెయ్యవద్దు. గట్టిగా బిగిసిన డబ్బాలో ఆవిరి పుడితే డబ్బాయే బాంబు అవుతుంది. కుక్కరు సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మేము ఒక మట్టికుండలో అడుగున పొడి ఇసుక పోసి, తీగల కొనలకు టేపు చుట్టి అందులో పెడతాం. పైన మట్టిమూకుడు వదులుగా మూస్తాం. తాళాలు, చిల్లర, మేకులు పడి ఉండే సొరుగులో మాత్రం వద్దు. రెండు కొనలకూ ఇనుము తగిలితే చాలు, నిప్పే.

ఐదోది మన ఎండలు. మేలో మన నల్లగొండలో 45 డిగ్రీలకు చేరే రోజులు ఉంటాయి. ఈ బ్యాటరీలను ఛార్జింగు చెయ్యడానికి సాధారణంగా 45 డిగ్రీలే హద్దు. రేకుల షెడ్డులోనూ, నిలిపిన కారులోనూ, స్కూటరు డిక్కీలోనూ వేడి ఇంకా ఎక్కువ. ఎగరేసి తెచ్చిన బ్యాటరీ వెచ్చగా ఉంటుంది. అది చల్లబడ్డాకే ఛార్జింగు. ఎండాకాలం మా ఇంట్లో ఈ పని పొద్దున్నే. చల్లగా ఉంటుందని ఫ్రిజ్జులో పెట్టేరు, అదీ తగదు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

ఆరోది అన్నిటికంటె ముఖ్యం. ఉబ్బినా, నొక్కుకుపోయినా, తియ్యని వాసన వచ్చినా ఆ బ్యాటరీ ఆయుష్షు తీరినట్టే. “ఇంకొక్కసారి అమ్మా” అంటే వినకండి. సూదితో పొడిచి గాలి తీయడం, ఎండలో పెట్టడం, ఉప్పునీళ్ళ ప్రయోగాలు, ఏవీ వద్దు. ఇంటి బయట ఇసుకలో పెట్టి, తీగల కొనలకు టేపు చుట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే వారికి అప్పగించాలి. చెత్త ఆటోలో వేస్తే అక్కడ నలిగి అంటుకుంటుంది, పాపం ఆ కార్మికుల చేతులు కాలుతాయి. పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదేనని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి కొన్న దుకాణంలో అడగటానికి మొహమాటపడకండి.

ఇంతచేసీ నిప్పు లేచిందనుకోండి. ముందు మనుషులు బయటికి. ముసలివారూ, పిల్లలూ మొదట. ఆ పొగ విషం, దాన్ని పీల్చరాదు. వీలైతే మెయిన్ స్విచ్చి ఆపాలి. 101 కో, 112 కో ఫోను చెయ్యాలి. చిన్న బ్యాటరీ అయి, కరెంటు ఆగిపోయి, మనకు వెనక దారి ఉంటేనే దూరం నుంచి నీళ్ళు బాగా పోయవచ్చు. నీళ్ళు వేడిని చల్లారుస్తాయి. మంట ఆరినా మళ్ళీ లేస్తుంది, నమ్మరాదు. వస్తువుల కోసం లోపలికి తిరిగి పోవద్దు.

ఇదంతా విని, “ఈ గొడవంతా ఎందుకు, వాణ్ణి మాన్పించెయ్యి” అని కొందరు నాతో అన్నారు. నేను మాన్పించలేదు. ఈ బ్యాటరీ 1991లో మొదటిసారి బజారుకు వచ్చింది. దాన్ని సాధ్యం చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వారి లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. పదేళ్ళలో 9,500 కోట్ల రూపాయలు పెడతామని ప్రకటించారు. దివిటీ పేరు పెట్టుకున్న ఊళ్ళోనే ఈ కాలపు దివిటీ! పొలాల మీద మందు చల్లే డ్రోన్లను మహిళా సంఘాలకు ఇచ్చే పథకం కూడా వచ్చింది. రేపు మన పిల్లలకు బతుకుతెరువు ఇందులోనే ఉండవచ్చు. వాడి చేతిలోంచి విద్యను లాక్కోవడం కంటె, దాన్ని పట్టుకునే తీరు నేర్పడం మేలు కాదూ?

గ్యాసుపొయ్యి కొత్తగా వచ్చినప్పుడు మన అమ్మలు భయపడ్డారు. రాత్రి రెగ్యులేటరు కట్టెయ్యడం నేర్చుకున్నారు, మనకు నేర్పారు. ఇదీ అంతే. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు మా అత్తమ్మ గ్యాసు కట్టేశానా అని నన్ను అడుగుతుంది. ఆ వెంటనే మనవడి గదిలోకి తొంగిచూసి, “ఏం రా, నీ పొయ్యి ఆర్పినవా?” అంటుంది. “ఆర్పిన నానమ్మా” అని వాడు ప్లగ్గు ఊడదీసి చూపిస్తాడు.

ఈ రాత్రి మీరు కూడా ఒక్కసారి ఇల్లంతా తిరిగి, ఏ ప్లగ్గులో ఏముందో చూసి పడుకోండి. సెలవు.