ఉల్కల నేరుకొనువారు



కొవ్వూరిలో గోష్పాదరేవు చెంత వేసవి రాత్రులందు ఆరుబయట పరుండువారికి చుక్క రాలుట క్రొత్త గాదు. నేను బడిపంతులుగా నున్న కాలమున నొక పిల్లవాడు, "అయ్యా, రాలిన చుక్క యెక్కడ పడును? ఎవరైన దాని నేరి తెచ్చిరా?" అని యడిగెను. నేను ధిష్ణ్యము, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని బృహత్సంహితలో వరాహమిహిరుడు చెప్పిన యైదు భేదములను వల్లించి, వాని ప్రశ్నకు మాత్రము బదులు చెప్పక కూర్చుండబెట్టితిని. వాడు మరల నడుగలేదు. ఆ బాకీ నేడు తీర్చుకొనుచున్నాను.

రాలు చుక్కలలో పెక్కులు గాలిలోనే కాలిపోవును. పెద్దదైనచో మిగిలిన ముక్క నేలబడును. అది రాయి కావచ్చును, ఇనుము కావచ్చును. మన తెలుగు నేలమీదను అట్టివి పడినవి. 1852లో నెల్లూరు సీమలోని యాటూరున నొక రాయియు, 1870లో నాటి విశాఖపట్టణము జిల్లాలోని నెడగొల్ల కడ నొక యినుపముద్దయు పడెను. పడిన చోటి పేరే దానికి పెట్టుట శాస్త్రజ్ఞుల మర్యాద. కావున నెడగొల్ల పేరు దేశదేశముల పట్టికల కెక్కినది. కాని కన్నులయెదుట పడినవి మిక్కిలి తక్కువ. పొలమున బడినది యెండవానలకు శిథిలమై, మామూలు రాళ్లలో గలిసిపోవును.

అందుచేత నేరువారు భూమికి దక్షిణపు కొసనున్న అంటార్కిటికా ఖండమునకు బోవుచున్నారు. 1969లో జపానువారు యమాతో పర్వతముల దగ్గర మంచుపై 9 ఉల్కాశిలలు కనుగొనిరి. పరీక్షింపగా నవి వేర్వేరు జాతులవి. ఒక్కసారి పడినవైన నన్నియు నొక జాతివే కావలెను గదా! మరి వానిని ఒక్కచోట పోగుచేసిన దెవరు? మంచే. ఆ మంచు కదలక నిలుచునది కాదు; మన గోదావరివలెనే, కాని మిక్కిలి మెల్లగా, సముద్రమువైపు పారుచుండును. వరదలో కొట్టుకొనివచ్చిన దుంగలు లంక అడ్డుపడినచోట నెట్లు పోగుపడునో చూచియున్నారు. అట్లే కొండ అడ్డుపడినచోట మంచు పైకి తన్నుకొనివచ్చును. పొడిగాలి దాని నేటేట అరగదీయును. లోపలి రాళ్లు నీలపుమంచుపై నల్లగా మిగులును. అవి వేలయేండ్ల పోగు.

1976 మొదలు అమెరికావారు, కాసిడీ యను పండితుని పూనికతో, వాని నేరుటకు జట్లను పంపుచువచ్చిరి. వారు తెచ్చినవి 20,000కు పైబడినవి. ఆ జట్టువారి దినచర్య చదివినప్పుడు నాకు మిక్కిలి వింత గలిగినది. వారు పోవునది డిసెంబరు, జనవరి మాసములలో; అప్పు డచట సూర్యు డస్తమింపడు. సాయంసంధ్యయే లేనిచోట సంధ్యావందన మెట్లని నాలో నేను నవ్వుకొంటిని. డేరాకు ఇద్దరు చొప్పున నుందురు. ఉదయమున లేచి గొడ్డలితో మంచు పగులగొట్టి, గిన్నెలో వేసి పొయ్యిపై కరిగించినగాని త్రాగునీరు లేదు. గోదావరి గట్టున బుట్టినవారము, ఆ కష్టము మన మెరుగము. తరువాత పొరలుపొరలుగా బట్టలు తొడిగి, మంచుపై నడచు మోటారుబండ్ల నెక్కి, నాగళ్లు సాగినట్లు వరుసగా ఎడమెడముగా మెల్లగా బోదురు. ఒకడు రాయి చూచి చేయి యూపిన నందరు చేరుదురు.

చేరిన తరువాతి పనియే ముఖ్యము. ఎవ్వరును దానిని చేత ముట్టరు! దానికి సంఖ్య వేసి, ఛాయాచిత్రము తీసి, చోటు గుర్తించి, శుభ్రమైన పట్టకారుతో నెత్తి, శుభ్రమైన సంచిలో వేసి బిగింతురు. చలికి కారు ముక్కునీరైనను దానిపై బడగూడదు. దీనిని మడి యనక మరేమనవలెను? మా యింట ఊరగాయ జాడీని ముట్టుటకు నాకు గల నిర్బంధము వారికి ఆ రాతియెడల గలదు. కరగిన మంచునీ రంటక, గడ్డకట్టినది గట్టినట్లే హూస్టను నగరమునకు జేర్తురు. గాలి బలియమైన దినమున బయటికి రాలేరు. డేరాలోనే కూర్చుండి పుస్తకములు చదువుకొందురు. వారి చెత్తను సైతము వెంటనే తెచ్చుకొందురు.

ఇంత శ్రమ యెందుకందురా? ఊళ్లు లేని యా దేశమున రాళ్లకు మంచుపొలము పేరును, ఏడును, అంకెయు గలిపి పేరు పెట్టుదురు. 1984లో అలన్ హిల్సు కడ రొబర్టా స్కోరు అను నామె చూచిన రాయి అట్లు 84001 అయినది. అది అంగారకుని నుండి విడివడి వచ్చినదని తరువాత తేలెను. అందు ప్రాచీన జీవుల జాడలు గలవేమోయని 1996లో గొప్ప వివాదము చెలరేగెను. పెక్కురు ఒప్పుకొనలేదు. కాని ఎవడో ముట్టి మురికిచేసిన రాయియైనచో ఆ వాదమునకే చోటులేకపోయెడిది.

మనదేశమువారును 1981 డిసెంబరులో గోవానుండి బయలుదేరి, 1982 జనవరిలో నా ఖండమున నడుగిడిరి. తరువాత నిలిపిన మొదటి స్థావరమునకు దక్షిణగంగోత్రి యని పేరుంచిరి. దక్షిణగంగ యొడ్డున నుండు మనకు చెవికింపైన పేరు. అది మంచులో బూడిపోయెను. ఇప్పుడు మైత్రి, భారతి యను స్థావరములు గలవు.

ఇక మీ పొలమున పెద్దధ్వనితో నల్లని రాయి పడెనా, దానిని కడుగవలదు, పగులగొట్టవలదు, పసుపు కుంకుమలు పూయవలదు. పడిన వేళయు, వచ్చిన దిక్కును కాగితముపై వ్రాసికొని, పొడిగుడ్డతో నెత్తి భద్రపరచి, రెవిన్యూ అధికారికి తెలుపుడు. అది భారత భూగర్భ సర్వేక్షణశాఖకు చేరవలసిన వస్తువు.