సందులోనే ఉంది సంగతి



ఈ వర్క్‌షాపులో మాకు చదువు చెప్పిన మాస్టారి పేరున ఉపన్యాసం ఇవ్వమని కబురు వచ్చినప్పుడు విషయం కోసం వెతుక్కోలేదు. ఆయన మొదటి క్లాసు గుర్తొచ్చింది. ఆ రోజు చాక్‌పీసుతో కాదు, సైకిలు పంపుతో వచ్చారు. గొట్టం పీకేసి, మూతి మీద బొటనవేలు అదిమిపట్టి, పిడి నొక్కమన్నారు. సగం దిగి మొరాయించింది. చెయ్యి తీయగానే పైకి లేచింది. "ఇది స్ప్రింగు" అన్నారు. వేలు కాస్త సడలించి మళ్ళీ నొక్కమన్నారు. ఈసారి పిడి బుస్సుమంటూ నెమ్మదిగా అడుగుదాకా దిగి అక్కడే ఉండిపోయింది. "ఇది డ్యాంపర్. రెంటికీ తేడా ఎక్కడుందిరా?" ఎవరమూ నోరు విప్పలేదు. ఆయనే తన వేలు చూపించారు. "ఈ సందులో."

ఇవాళ నేను చెప్పబోయే చరిత్రంతా ఆ సందుదే. కారకూడని చోట కారకుండా ఆపడం, కారాల్సిన చోట కొలతగా కారనివ్వడం. పిస్టనూ సిలిండరూ పుట్టినప్పటి నుంచీ మనిషి పడుతున్న తంటా ఇదే.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అని ఒకాయన ఉండేవాడు. తండ్రిది క్షౌరశాల. అక్కడి అద్దం పైకీ కిందికీ సులువుగా జరగాలని తాడు కట్టి, దాని రెండో కొసకు సీసపు గుండు వేలాడదీసి గొట్టంలో దించాడట. గుండు దిగుతున్నప్పుడు గొట్టంలో గాలి ఇరుకున పడి, కూత పెడుతూ బయటికి వచ్చింది. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఈ సంగతి రాసిపెట్టాడు. ఆ కూత విన్న కుర్రవాడే తర్వాత నీటి పంపులూ నీటితో నడిచే ఆర్గన్ వాద్యమూ చేశాడు. మన వసంతోత్సవాల చిమ్మనగ్రోవి కూడా ఈ కుటుంబంలోదే. గొట్టం సిలిండరు, కర్ర పిస్టను, కర్రకు చుట్టిన తడిగుడ్డ సీలు.

గాలికి స్ప్రింగు గుణం ఉందని ప్రయోగాలతో తేల్చినవాడు రాబర్ట్ బాయిల్. 1660లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే 'గాలి స్ప్రింగు' అన్న మాట ఉంది. ఆ ప్రయోగాలకు పంపు కట్టిపెట్టింది రాబర్ట్ హుక్. 1662లో బాయిల్ తన సూత్రం చెప్పాడు: ఉష్ణోగ్రత మారకుండా పరిమాణం సగం చేస్తే ఒత్తిడి రెట్టింపవుతుంది. సూత్రం దొరికింది గాని, దాన్ని బంధించే గుండ్రటి గొట్టం దొరకలేదు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కొన్నేళ్ళు ఈ చిక్కులోనే పడి ఉంది. 1775లో జాన్ విల్కిన్సన్ కొత్త బోరింగు యంత్రం పెట్టాకే ఒడ్డునపడింది. 50 అంగుళాల సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెం మందమైనా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోయాడు. ఇవాళ అరచేతిలో పట్టే డ్యాంపర్‌లో మనం అడిగే సందు మిల్లీమీటరులో నూరోవంతు!

1849లో అమెరికాలో జార్జ్ కార్లిస్ పేటెంటు పొందిన ఆవిరి యంత్రానికి ఇంకో అవసరం వచ్చింది. దాని కవాటాలు ఠక్కున మూసుకోవాలి, కానీ మూసుకునేటప్పుడు దెబ్బ తగలకూడదు. కవాటాన్ని మూసే భాగానికి డ్యాష్‌పాట్ అనే చిన్న గాలి డ్యాంపరు తగిలించారు. చివరి క్షణంలో అందులో చిక్కిన గాలి మెత్తలా అడ్డుపడేది.

స్ప్రింగూ డ్యాంపరూ ఒకే ఒంట్లో బాగా కుదిరింది, చెప్పడానికి బాధగానే ఉన్నా, ఒక ఫిరంగిలో. అంతకుముందు ఫిరంగి పేలగానే బండితో సహా వెనక్కి దూకేది. ప్రతి గుండుకూ మళ్ళీ గురి సరిచూసుకోవాలి. 1897 నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగిలో గొట్టం ఒక్కటే సుమారు 1.2 మీటర్లు వెనక్కి జారేది, బండి కదిలేది కాదు. వెనక్కి వస్తూ నూనెను ఇరుకు దారిన తోసేది. ఆ నూనె ఇంకో సిలిండరులో తేలే పిస్టనును నెట్టేది. దాని అవతల బిగించిన గాలి మరింత నలిగి, తిరిగి గొట్టాన్ని ముందుకు తెచ్చేది. నూనె ఊపును మింగింది, గాలి శక్తిని దాచింది, రెండూ కలిసిపోకుండా పిస్టను కాపలా కాసింది. ఆ కాపలా పిస్టను సీళ్ళ సంగతే ఫ్రాన్సు అతి రహస్యంగా దాచింది.

ఆ రహస్యాన్ని అందరికీ పంచింది మాత్రం ఒక చిన్న రబ్బరు ఉంగరం. మీ సైకిలు పంపు విప్పితే గిన్నె ఆకారంలో తోలు వాషరు ఉంటుంది. గాలి ఒత్తిడి లోపలి నుంచి తోసేకొద్దీ దాని అంచు గోడకు అదుముకుంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ బిగిసే సీలు అది. డెన్మార్కు నుంచి అమెరికా వెళ్ళిన నీల్స్ క్రిస్టెన్సన్ అదే గుణాన్ని గుండ్రటి రబ్బరు ఉంగరానికి తెచ్చాడు. ఉంగరం మందానికి సుమారు ఒకటిన్నర రెట్లు వెడల్పున్న గాడిలో దాన్ని కూర్చోబెడితే చాలని కనిపెట్టాడు. 1937లో పేటెంటుకు దరఖాస్తు చేసేనాటికి ఆయన వయసు డెబ్బై దాటింది. 1939లో పేటెంటు చేతికొచ్చింది. మనం ఓ-రింగు అంటున్నది దాన్నే.

ఫిరంగిలోని తేలే పిస్టను తర్వాత కారు కింద చేరింది. మామూలు షాక్ అబ్జార్బర్లలో గతుకుల దారిన నూనె, గాలి కలిసి మజ్జిగలా నురగ కట్టేవి. నురగకు పట్టు ఉండదు. క్రిస్టియాన్ బూర్సియే ద కార్బోన్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒకే గొట్టంలో నూనెకూ గ్యాసుకూ నడుమ తేలే పిస్టను పెట్టి, గ్యాసును గట్టి ఒత్తిడితో నింపాడు. నూనెకు నురగెత్తే వీలు లేకపోయింది.

ఇక మన కారు డిక్కీని ఎత్తిపట్టే గ్యాస్ స్ప్రింగు. చాలామంది అందులో పిస్టను గ్యాసును వెనక్కి నొక్కుతుందనుకుంటారు. నిజానికి పిస్టనుకు రంధ్రం ఉంటుంది, రెండు పక్కలా ఒత్తిడి సమానమే. బయటికి తోసే బలమంతా పిస్టనుకు తగిలించిన కడ్డీ మందానికి సరిపడా వైశాల్యం మీదే పనిచేస్తుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ, లోపల 100 బార్ల నైట్రోజన్ ఉంటే దాదాపు 500 న్యూటన్లు. అంటే మూపున యాభై కిలోల బస్తా. సిలిండరు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు, పొడవు 170 అనుకుందాం. కడ్డీ 150 మిల్లీమీటర్లు లోపలికి వస్తే గ్యాసుకు చోటు తగ్గి, బలం పాతికశాతం పైగా పెరుగుతుంది. వేడీ లెక్కలోకి వస్తుంది. 20 డిగ్రీల దగ్గర నింపింది మన మే నెల 45 డిగ్రీల ఎండలో ఎనిమిదిన్నర శాతం ఎక్కువ తోస్తుంది, మంచు దేశంలో అదే డిక్కీ నెత్తిన పడబోతుంది. కడ్డీని కిందికి చూసేలా బిగించమనడానికి కారణం కూడా సీలే. లోపలున్న కాస్త నూనె దాని మీద నిలిచి తడిగా ఉంచుతుంది.

చిన్నదిగా చేయమంటే కష్టం మొదలవుతుంది. కడ్డీ వ్యాసం సగం చేస్తే బలం పావు వంతు. అదే బలం కావాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు. అప్పుడు గోడ మందం కావాలి, సన్నటి కడ్డీ వంగకుండా చూడాలి.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పరికరం మూతకు బొటనవేలంత గాలి డ్యాంపరు గీశాను. సీలు పెట్టలేదు, పిస్టనుకూ గోడకూ మధ్య పది మైక్రాన్ల సందు చాలనుకున్నాను. తయారై వచ్చినవాటిలో కొన్నింటికి ఎనిమిది, కొన్నింటికి పన్నెండు. ఒక మూత ధన్‌మని పడింది, ఇంకోటి పెళ్ళికూతురిలా దిగింది. రెండు మైక్రాన్లే కదా అని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కాగితం మీద రాశారు: సందులోంచి పోయే గాలి సందు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య మూడు రెట్ల పైన తేడా! పిస్టను ఒక గోడకు ఒరిగితే కారడం ఇంకో రెండున్నర రెట్లు. "గోడ దగ్గర సందును నమ్ముకోకు. అక్కడ మూసేసి, నీ చేతికి అందే చోట ఒక స్క్రూ పెట్టి వదులు" అన్నారు. సీలు వేసి, గాలి దారిని స్క్రూ కిందికి మార్చాను. మూతలన్నీ ఒకేలా దిగాయి. వేరే దారి ఉంది, గాజు సిలిండరులో గ్రాఫైటు పిస్టను. కొలతలు ఖచ్చితంగా రుద్దిపెడతారు కనుక సీలు లేకుండానే జారుతుంది. ఆ దారికి డబ్బు ఎక్కువ కావాలి.

పిల్లలకు ఒక మాట. పాడైన గ్యాస్ స్ప్రింగును కోయకండి, వేడి చేయకండి. ఆ గొట్టంలో ఉన్నది వంద వాతావరణాల ఒత్తిడి.

మాస్టారి పంపు ఈ వర్క్‌షాపు బీరువాలో కింది అరలోనే ఉంది. ఇందాక తీసి చూశాను. తోలు వాషరు ఎండి ముడుచుకుపోయింది. ఒక రాత్రి నూనెలో నానబెడితే మళ్ళీ గోడ పట్టుకుంటుంది. ఈ సభ అయ్యాక మీలో ఎవరైనా ఆ పని చేయండి. కొత్త క్లాసు మొదలయ్యే రోజుకు అది సిద్ధంగా ఉండాలి.