లారీ తలుపు అద్దం



ఈ రోజు మాట లారీ తలుపు అద్దం గురించి. లారీ అద్దంతో ఆడవాళ్లకు ఏమి పని అని కొందరు అడుగుతారు. వీరపునాయునిపల్లె నుంచి ఎర్రగుంట్ల వైపు పోయే రోడ్డు మీద కొంచెంసేపు నిలబడితే జవాబు దొరుకుతుంది. సిమెంటు లారీలు పోతుంటాయి. నాపరాళ్ల లారీలు పోతుంటాయి. ప్రతి లారీలో ఒక డ్రైవరు ఉంటాడు. అతనికి ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో తల్లో, భార్యో ఉంటుంది. బండి కొనడానికి బ్యాంకులో కుదువ పెట్టిన నగలు చాలాసార్లు ఆమెవే. అలాంటప్పుడు బండికి ఏ అద్దం వేస్తున్నారో అడిగే హక్కు ఆమెకు లేదా?

ఒక ఇంట్లో చాలా పాత లారీ ఒకటి కొన్నారనుకుందాం. ఇంజను బాగుంది. క్యాబిన్ మాత్రం తుప్పు పట్టింది. ఒక తలుపుకు అద్దమే లేదు. రెండో తలుపు అద్దం పైకి రాదు. రబ్బరు ఎండిపోయి పుల్లలాగ విరుగుతోంది. ఎండాకాలం సున్నపురాయి దుమ్మంతా డ్రైవరు ముక్కులోకే. వానొస్తే సీటు తడిసి ముద్ద. రాత్రి బండిలో పడుకుంటే చలిగాలి. బండిని షెడ్డులో పెట్టి బాగు చేయించాలి.

పాత లారీల సంగతి ఒకటి ముందుగా తెలుసుకోవాలి. టాటావాళ్లు జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ కంపెనీతో కలిసి 1954లో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యాయి. ఆ కాలంలో చాలా లారీలు ఇంజను, చక్రాలు, అడుగు ఇనుముతోనే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేవి. క్యాబిన్ కట్టింది మన వడ్రంగులు, మన రేకు పని మేస్త్రీలే. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల వందల మంది ఈ పని మీద బతికారు. అందువల్ల ఒక లారీ తలుపు కొలత ఇంకో లారీకి సరిపోదు. దుకాణానికి పోయి "పాత లారీ అద్దం ఇవ్వు" అంటే దొరకదు. కొలత తీసి చేయించుకోవాలి. మోసం జరిగేది ఈ చోటే.

పాత లారీ తలుపు అద్దం సాధారణంగా వంపు లేకుండా పలకలాగ ఉంటుంది. ఇంటి కిటికీ అద్దమూ పలకలాగే ఉంటుంది. కోసి పెడితే కంటికి తేడా తెలియదు. చవక కూడా. "రెండు నిమిషాల్లో కోసిస్తానమ్మా" అంటాడు అద్దాల అంగడివాడు. కానీ అది పగిలితే కత్తుల్లాంటి పొడుగు ముక్కలవుతుంది. డ్రైవరు మెడ ఆ అద్దానికి జానెడు దూరంలో ఉంటుంది.

బండికి వేయాల్సిన అద్దం వేరు. అది రెండు రకాలు. ఒకటి టఫెన్డ్ అద్దం. అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. అప్పుడు దానికి మామూలు అద్దానికి నాలుగింతల బలం వస్తుంది. పగిలినా శనగ గింజలంత ముక్కలై రాలిపోతుంది. రెండోది లామినేటెడ్ అద్దం. రెండు అద్దాల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకొని ఉంటాయి. ఈ రెండో రకం పుట్టిన కథ భలే ఉంటుంది. 1903లో ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఆయన చేతి నుంచి గాజు బుడ్డి జారి కింద పడింది. పగిలింది, కానీ చెదరలేదు. చూస్తే, ముందెప్పుడో అందులో పోసిన మందు ఎండి లోపల పొర కట్టి ఉంది. ఆ పొరే ముక్కలను పట్టుకుంది. 1909లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు.

బండి కిటికీలకు ఇలాంటి భద్రమైన అద్దమే ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. పక్క అద్దంలోంచి సగం వెలుతురైనా లోపలికి రావాలని కూడా అందులోనే ఉంది. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటేటా ఎఫ్.సి. చేయించాలి కదా. అద్దం సరిగా లేకపోతే అక్కడా తిప్పలే.

మరి ఏ అద్దమో ఎలా కనిపెట్టాలి? టఫెన్డ్ అద్దం మూలన చిన్న ముద్ర ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషువి. అవి రాకపోయినా ఫరవాలేదు. అంకెలు మాత్రం సెంటరులో దిద్దిన అంకెలే. 2553 ఉందా, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా చూడాలి. భద్రమైన అద్దానికి మన దేశంలో పెట్టిన కొలమానం నంబరు అది. ఆ ఇంటి ఇల్లాలు "అన్నా, 2553 ఏదీ? చూపించు" అని అడిగితే అంగడివాడు కిటికీ అద్దం పక్కన పెట్టక తప్పదు.

ఇంకో చిక్కు ఉంది. టఫెన్డ్ అద్దాన్ని తయారైన తరువాత కోయలేరు. కోయబోతే మొత్తం పొడి అవుతుంది. కొలత ముందే ఇచ్చి చేయించాలి. దానికి రోజులు పడతాయి. లామినేటెడ్ అద్దాన్ని మాత్రం అంగట్లోనే కోస్తారు. పలక అద్దం పట్టే పాత లారీకి ఇదే సులువు. పెద్ద పలకలో నుంచి కోసినప్పుడు ముద్ర ఉన్న మూల మన ముక్కలోకి రాకపోవచ్చు. కాబట్టి కోయకముందే పెద్ద పలక మీద ముద్ర చూడాలి. కోసిన అంచును పక్కనుంచి చూస్తే రెండు అద్దాలు, నడుమ సన్నని గీత కనిపిస్తాయి. బిల్లులో "లామినేటెడ్" అని రాయించుకోవాలి. వట్టి "అద్దం" అని రాస్తే ఒప్పుకోరాదు.

కొలతకు పాత అద్దం పగిలినా పారేయకూడదు. మందం చూడడానికి పనికొస్తుంది. అసలే లేకుంటే అట్ట కత్తిరించి తలుపులో పెట్టి చూసుకోవాలి. రవిక కుట్టేటప్పుడు కాగితం మీద కొలత కత్తిరించినట్టే. అట్ట బిగుసుకోకుండా పైకీ కిందికీ కదలాలి. అద్దం అంచులు అరగదీయించాలి. అంచు మీద చిన్న పెచ్చు ఊడినా తరువాత చీలిక అక్కడినుంచే మొదలవుతుంది.

ఇక బిగింపు. తలుపు లోపలి రేకు విప్పితే అద్దం ఎత్తే మిషన్ కనిపిస్తుంది. అద్దం రెండు పక్కలా పొడుగాటి గాడి ఉంటుంది. దాన్ని చానలు అంటారు. అందులో మెత్తని గుడ్డలాంటి పెల్టు ఉంటుంది. పెల్టు అరిగితే అద్దం గడగడలాడుతుంది, దుమ్ము వస్తుంది. పాతది పీకి, తుప్పు గోకి, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు బాగా ఆరినాకనే కొత్త పెల్టు వేయాలి. పచ్చి రంగు మీద వేస్తే వారంలో ఊడుతుంది. "రేపే బండి కావాల" అని మేస్త్రీని తొందరపెట్టే మగవాళ్లు ఇక్కడే పని చెడగొడతారు.

అద్దం అడుగున ఇనుప పట్టీ ఉంటుంది. ఆ పట్టీని మిషన్ పట్టుకుని అద్దాన్ని పైకి లేపుతుంది. పట్టీకీ అద్దానికీ నడుమ రబ్బరు చుట్టాలి. ఇనుము అద్దానికి తగలకూడదు. పట్టీ ఎక్కించేటప్పుడు చెక్క పెట్టి మెల్లగా తట్టాలి. పాత పట్టీ ఎంత దూరంలో ఉండేదో ముందే గుర్తు పెట్టుకోకపోతే, మిషన్ ఒక పక్కే ఎత్తుతుంది. అద్దం వంకరగా పోయి ఇరుక్కుంటుంది.

రబ్బరు జారడానికి షెడ్డులో కొందరు గ్రీజో డీజిలో పూస్తారు. అది తప్పు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. సబ్బు నీళ్లు చాలు. ముఖానికి పూసుకునే పౌడరు అయినా సరే.

కొన్ని లారీ తలుపుల్లో ముందు పక్క కదలని చిన్న అద్దం ఉంటుంది. దాన్ని బిగించే తీరు చూడముచ్చటగా ఉంటుంది. దాని రబ్బరుకు రెండు గాళ్లు. ఒక గాడిలో అద్దం కూర్చుంటుంది. రెండో గాడిలో తలుపు రేకు కూర్చోవాలి. ఆ రెండో గాడి చుట్టూ, లంగాకు నాడా ఎక్కించినట్టు, సన్నని తాడు పెడతారు. రెండు కొసలూ లోపలి వైపు వదులుతారు. ఒకరు బయటినుంచి అద్దాన్ని అరచేత్తో నొక్కుతారు. ఇంకొకరు లోపల కూర్చుని తాడు లాగుతారు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. ఇద్దరు మనుషులు, పది నిమిషాల పని. బలం కంటే ఓపిక ముఖ్యం. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో ఒక మహిళ భర్తతో కలిసి లారీ టైర్ల పని చేస్తోందని 2021లో పత్రికలు రాశాయి. లారీ టైరు కంటే ఈ అద్దం ఎంతో తేలిక.

తలుపు చుట్టూ వేసే రబ్బరును లాగి సాగదీసి అతికించకూడదు. పొదుపుగా వస్తుందని సాగదీస్తే నాలుగు రోజులకు ముడుచుకుంటుంది. మూలల్లో సందు పడుతుంది. అతుకు తలుపు కింది భాగాన రావాలి. పైన వస్తే వాన నీళ్లకు దారి ఇచ్చినట్టే.

పని అయినాక పరీక్ష పెట్టాలి. ఒక కాగితం ముక్క రబ్బరుకూ తలుపుకూ నడుమ పెట్టి తలుపు మూయాలి. కాగితం లాగితే బిగువుగా రావాలి. ఊరికే జారి వస్తే అక్కడ పట్టు లేదు. చుట్టూ అలా చూసి, జారిన చోట సుద్దముక్కతో గీత పెట్టి మేస్త్రీకి చూపించాలి. తరువాత పైనుంచి ఒక బిందె నీళ్లు పోయాలి. కూలి డబ్బులు ఈ బిందె తరువాతనే.

ఎంత మంచి రబ్బరు వేసినా కొన్ని నీళ్లు అద్దం పక్కనుంచి తలుపు లోపలికి దిగుతాయి. అది తప్పు కాదు. ఆ నీళ్లు పోవడానికే తలుపు అడుగున చిన్న రంధ్రాలు పెట్టి ఉంటారు. రంగు వేసేవాళ్లు అవి లోపమనుకొని లప్పం పెట్టి మూసేస్తారు. అప్పుడు నీళ్లు లోపలే నిలిచి, తలుపు అడుగునుంచి కుళ్లుతుంది. పైన కొత్త రంగు మెరుస్తూనే ఉంటుంది. బిందె నీళ్లు పోసినప్పుడు తలుపు కిందికి వంగి చూడాలి. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు కారితే మంచిది. కారకపోతే చీపురు పుల్లతో పొడిచి తెరవాలి. బండి కడిగిన ప్రతిసారీ ఇంకోసారి పొడవాలి. ఈ ప్రాంతపు దుమ్ముకు అవి తొందరగా పూడిపోతాయి.