యుద్ధ స్మారకములు: లెక్కయు, పేరును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



కురుక్షేత్ర యుద్ధము ముగిసిన పిదప, స్త్రీపర్వమున, ధృతరాష్ట్రుడు ధర్మరాజును చేరబిలిచి ఈ యుద్ధమున మడిసినవారెందరని యడిగెను. ధర్మరాజు తడుముకొనక లెక్క చెప్పెను. మృతులు 166 కోట్ల 20 వేలమంది. జాడ తెలియనివారు 24,165 మంది. మొదటి అంకెను కవుల అతిశయోక్తి యని ఎవరైనను త్రోసివేయవచ్చును. రెండవ అంకె చివరనున్న ఆ అయిదుగురిని త్రోసివేయుట కష్టము. ఎవరో చాపమీద కూర్చుండి ఒక్కొక్కరినే లెక్కించినట్లున్నది. అయినను ముసలిరాజునకు లెక్కతో తృప్తి కలుగలేదు. నా అన్నవారు లేని మృతులకు దహనము జరుగునా యని మరల ప్రశ్నించెను. ధర్మరాజు విదురాదులకు ఆజ్ఞ ఇచ్చెను. దిక్కులేనివారిని కట్టెలతో, నూనెతో సామూహికముగా దహించిరి. పిమ్మట అందరును గంగ యొడ్డునకు పోయి తమ తమ వారికి నీళ్లు విడుచుచుండగా, కుంతి నోరు విప్పి, కర్ణునకు కూడ విడువుడు, అతడు మీ అగ్రజుడని చెప్పెను. అన్ని దినములు సూతపుత్రుడని పిలువబడినవానికి సొంత పేరు, సొంత వంశము తర్పణ సమయమున గాని దక్కలేదు.

యుద్ధ స్మారకముల చరిత్ర యంతయు ఈ ఘట్టమున ఇమిడియున్నది. లెక్క వ్రాయుట యొక పని. పేరు పలుకుట వేరొక పని.

మొదటి ప్రపంచ యుద్ధము తరువాత భారతదేశమున అనేక గ్రామములలో చిన్న రాతిఫలకములు వెలసినవి. ఈ గ్రామమునుండి ఇంతమంది 1914–1919 మహాయుద్ధమునకు పోయిరి, వారిలో ఇంతమంది ప్రాణములర్పించిరి అని వాటిపై చెక్కబడియుండును. అంకెలే గాని పేర్లుండవు. పరరాజ్యమునందు ఇంకను చిత్రము జరిగినది. ఇరాకులోని బస్రాయందు 1929లో ఒక స్మారకము లేచినది. మెసపొటేమియా యుద్ధమున చనిపోయి సమాధి దొరకని 40 వేలమందికి పైగా అది అంకితము. తెల్లవారికందరికిని పేర్లు చెక్కిరి. భారతీయులలో అధికారులకు మాత్రము పేర్లు దక్కినవి. సిపాయిలకు పటాలము పేరు, దాని క్రింద ఒక సంఖ్య. 1917లో ఆ సమాధుల సంఘము ఏర్పడినపుడు ప్రకటించిన నియమము హోదాభేదము, మతభేదము లేక అందరిని సమానముగా చూడవలెనని. నియమము కాగితముమీద నిలిచినది, రాతిమీద నిలువలేదు. 2021 ఏప్రిలులో ఆ సంఘమే తప్పును ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. తొంబది రెండేండ్లకు!

ఢిల్లీలోని ఇండియా గేటు ఇంతకంటె మేలు. 1921లో శంకుస్థాపన జరిగి 1931లో పూర్తియైన ఆ కట్టడముపై 13 వేలకు పైగా పేర్లు గలవు. స్వతంత్ర భారతము తన సైనికులకై ప్రత్యేకముగా జాతీయ యుద్ధ స్మారకమును నిర్మించుకొన్నది 2019లో.

రాజధానుల మాట అటుంచి మన జిల్లాల వైపు చూతము. తాడేపల్లిగూడెము దాపున మాధవరమను గ్రామము కలదు. దానిని మిలిటరీ మాధవరమని పిలువనివారు లేరు. మొదటి ప్రపంచ యుద్ధమునకు 90 మంది, రెండవదానికి 1,110 మంది ఆ ఊరినుండి పోయిరని గ్రామస్థులు చెప్పుదురు. పూసపాటి మాధవవర్మ పదునేడవ శతాబ్దమున అచట కోట కట్టి యోధులను నివసింపజేసెననియు, నాటినుండి ఆ నేల సైనికులను కనుచున్నదనియు స్థలకథ. కథలో చరిత్ర పాలెంతయో పండితులు తేల్తురు గాక. ఆ ఊరిలో అమరులైన సైనికులకు స్మారకము నిలిచియున్నది. బిడ్డలకు మేజరు, సుబేదారు అని పేర్లు పెట్టుకొనుట కూడ అచట కలదు. పరాయివారికిది వింతగా తోచవచ్చును. రాతిమీది అక్షరము వానకు అరిగినను, పెరటిలో తల్లి కేక వేయు పేరు అరుగదు. ఇంటింట సైన్యమున పనిచేసినవాడో, చేయుచున్నవాడో ఉన్నంతకాలము ఆ స్మారకమును ఊడ్చువారికి, దీపము పెట్టువారికి కొదువ యుండదు. రాయి నిలుచుటకు ఊరు దానితో వావి కలుపుకొనవలెను.

దీనికి బొబ్బిలియే సాక్ష్యము. యుద్ధము 1757 జనవరి 24న జరిగినది. యుద్ధభూమిలో స్తంభము లేచినది 1891లో. నడుమ 134 ఏండ్లు బొబ్బిలి వీరులను బ్రతికించినవారు తంబుర మీటి కథ చెప్పిన గాయకులు. రాజుగారి స్తంభము వారి పాటకు తరువాత వచ్చిన రశీదు వంటిది.

పలనాటివారి పద్ధతి అన్నిటికంటె ఘనము. పండ్రెండవ శతాబ్దపు అన్నదమ్ముల పోరులో మడిసిన వీరులకు కారెంపూడిలో వీరుల గుడి యున్నది. కార్తికమాసమున అయిదు దినముల ఉత్సవము: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. దినమునకొక ఘట్టము; యుద్ధమంతయు మరల నడచును. వీరుల ఆయుధములనే వీరులుగా నెంచి కొలుతురు. ఆయా ఆయుధములను వంశపరంపరగా కాపాడుచున్న కుటుంబములవారు వాటిని ఊరూరినుండి మోసికొనివత్తురు. గాయకులు కథ పాడుదురు. ఎనిమిది వందల యేండ్లు దాటినను ఆ పేర్లు చెడలేదన్నచో, రాతికంటె ఏడాదికొక నియతమైన దినము గట్టిదని ఒప్పుకొనవలసినదే. ఒక మెచ్చదగిన విశేషము: అచట బ్రహ్మనాయని పక్షమున మాలకన్నమదాసు కూడ పూజలందుకొనుచున్నాడు. బస్రాలో అధికారికి, సిపాయికి నడుమ గీచిన గీతను పల్లెటూరి గుడి గీయలేదు.

ఇక గోదావరీ మండలమునకు సంబంధించిన బాకీ యొకటి యున్నది. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖతోబాటు కాకినాడమీదను దాడి చేసినవి. యుద్ధము మన తీరమును తాకిన దినమది. దానికి ముందే అది మనవారిని అవతలి యొడ్డున పట్టుకొన్నది. కోరంగి రేవునుండి, కాకినాడనుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగు కూలీలను అచటివారు కోరంగీలని పిలిచెడివారు. రేవుల కడ మూటలు మోసిరి, ధాన్యపు మిల్లులలో దుమ్ము మ్రింగిరి, చేరువ ఊళ్లకు మనియార్డరులు పంపిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినవి. ఓడలలో చోటు దొరకని లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను బయలుదేరిరి. వేలకొలది జనులు కలరాతోను, మలేరియాతోను, ఆకలితోను త్రోవలోనే రాలిపోయిరి. ధర్మరాజు చెప్పిన రెండవ అంకెలోనివారు వీరు. రంగూనునకు ఉత్తరమున తౌక్యాన్ అనుచోట సమాధి లేని సైనికులు దాదాపు 27 వేలమంది పేర్లతో గొప్ప స్మారకమున్నది. అందు భారతీయులే అత్యధికులు. దుస్తులపై బిల్ల లేని కూలీకి అందు చోటు లేదు. అతడు యుద్ధము చేయలేదు, నిజమే. యుద్ధమే అతనిని చంపినది.

రాతికి ధనము కావలెను. పేర్లకు ఒక దళసరి పుస్తకము, కొంత సిరా చాలును. ఈ గ్రంథాలయపు బీరువాలో అట్టి పుస్తకమొకటి ఉండదగును. సైన్యమునకు పోయినవారు, రంగూను పోయినవారు ఇద్దరును అందులో చేరవలెను. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఏ యేట పోయినది, తుది ఉత్తరము ఎచటనుండి వచ్చినది. ముసలివారి జ్ఞాపకము, ట్రంకుపెట్టె అడుగున మిగిలిన కార్డు, పాత మనియార్డరు చీటీ ఇందుకు ఆధారములు. తెలియని గడిని ఖాళీగా విడువవలెనే గాని ఊహించి నింపరాదు. మనుమలలో ఎవరో యొకరు ఎప్పుడైన కాగితము పట్టుకొని వచ్చి ఆ గడిని నింపుదురు.